లైసెన్సు రాకముందే విమానం కొనడం ఎలా

మాది జయపురం. కోరాపుట్ జిల్లా జయపురం. ఫోన్‌లో పేరు చెప్పగానే అవతలివాళ్లు రాజస్థాన్ అనుకుంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మా తాతగారు సాలూరు నుంచి ఘాటీ ఎక్కి వచ్చి ఇక్కడ లారీల వ్యాపారం పెట్టారు. మా నాన్నకి చివరిదాకా స్టీరింగ్ పట్టడం రాలేదు, అయినా ఆరు బళ్లు తిప్పాడు. బండి కొనడానికి డ్రైవింగ్ ఎందుకు అన్నది మా ఇంటి సూత్రం. 2022 అక్టోబరు ఆఖర్లో భువనేశ్వర్ నుంచి తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ మా ఊరి ఎయిర్‌స్ట్రిప్‌కి రావడం మొదలైంది. ఒక్క ఇంజిన్, ఒక్క ప్రొపెల్లరు, కంచె బయట నిలబడి చూస్తే మన బండే అనిపించేంత చిన్నది. అప్పుడు దొలిచింది పురుగు.

ఒకసారి బయానా పోగొట్టుకున్నాను. రెండోసారి ఇద్దరు భాగస్తులతో కలిసి రెండు సీట్ల పాత సెస్నా 152 కొన్నాను. అది బాగానే ఎగురుతోంది, నేనే ఇంకా నేర్చుకుంటున్నాను. ఇదే వరసలో పడబోయేవాళ్లకి ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ముందు అందరికీ వచ్చే అనుమానం. లైసెన్సు లేకుండా విమానం కొనొచ్చా? కొనొచ్చు. భారత పౌరులైతే చాలు, లేదా ఇక్కడ రిజిస్టరైన కంపెనీ పేరు మీదైనా సరే. యజమానికి ఎగరడం వచ్చి తీరాలని ఎక్కడా లేదు. మరి కొనాలా? నన్నడిగితే ఒక్క సందర్భంలోనే కొనాలి. మీరు నేర్చుకునేది దానిమీదే అయి ఉండాలి, అది ఉండేది మీరు నేర్చుకునే చోటే అయి ఉండాలి. నేర్చుకున్నాక పనికొస్తుందిలే అని ఇప్పుడే కొని ఎక్కడో పెడితే, నెలనెలా అద్దె కట్టి తుప్పు పెంచుకున్నట్టే.

మొదటి పని డాక్టరు దగ్గర. బ్రోకరు సంగతి తర్వాత. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి క్లాస్ 2 మెడికల్ కావాలి. ఆ పరీక్ష చేసే డాక్టర్ల జాబితా, మన విమానాలకీ పైలట్లకీ అనుమతులిచ్చే కేంద్ర సంస్థ డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మన ఫ్యామిలీ డాక్టరు రాసిచ్చే కాగితం చెల్లదు. చూపు, రంగుల గుర్తింపు, చెవి, బీపీ, షుగరు, ఈసీజీ అన్నీ చూస్తారు. మా భాగస్తుల్లో ఒకాయనకి నలభై ఏడేళ్ల వయసులో ఆ పరీక్షలోనే తేలింది, ఎరుపూ ఆకుపచ్చా సరిగా తెలియడం లేదని. అంతకాలం బట్టల కొట్టు నడిపాడు పాపం! ఆయన వాటాదారుగా మిగిలాడు, పైలట్ ఆశ వదులుకున్నాడు. అదే విమానం కొన్నాక తేలి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి.

రెండోది, ఏదైనా ఫ్లయింగ్ స్కూల్లో డబ్బు కట్టి పది గంటలు ఎగరండి. మనకి భువనేశ్వర్‌లో ఒడిశా ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది, అటు హైదరాబాద్ బేగంపేటలో ఉంది, ఇంకా దూరం పోతే మహారాష్ట్రలో గోందియా ఉంది. ఈ పది గంటల్లో మీకు తెలిసేది ఎగరడం కాదు. మధ్యాహ్నం ఎండలో చిన్న విమానం ఎంత కుదుపుతుందో, మీ కడుపు దానికి ఏమంటుందో, వారానికి రెండు రోజులు వ్యాపారం వదిలి రాగలరో లేదో తెలుస్తుంది. మూడో గంటకే చాలనిపిస్తే మీరు అదృష్టవంతులు, చవకలో బయటపడ్డారు.

ఇక అసలు సంగతి, విమానం ఎక్కడ ఉంటుంది? నేను బోర్లా పడింది ఇక్కడే.

మా ఊళ్లో ఎయిర్‌స్ట్రిప్ ఉంది కాబట్టి ఇంటికి పది నిమిషాల దూరంలో కట్టేసుకుందాం అనుకున్నాను, గేదెని పాకలో కట్టేసినట్టు. ఎయిర్‌స్ట్రిప్ అంటే దిగడానికి చోటు, అంతే. విమానం బతకాలంటే నాలుగు కావాలి: కప్పు, పెట్రోలు, ఇంజినీరు, నేర్పేవాడు. ఈ నాలుగూ ఒకేచోట దొరికే ఊరు ముందు చూసుకుని, అక్కడ మాట ఖాయం చేసుకున్నాకే విమానం వెతకాలి.

పెట్రోలు మాట చూడండి. పాత సెస్నాలు, పైపర్లు ఏవ్‌గ్యాస్ మీద నడుస్తాయి. 100 ఎల్ఎల్ అంటారు, లేత నీలం రంగులో ఉంటుంది. 2022 వరకూ మన దేశం దాన్ని దిగుమతే చేసుకునేది. ఆ ఏడాది నుంచి ఇండియన్ ఆయిల్ తన గుజరాత్ రిఫైనరీలో తయారుచేస్తోంది. పెద్ద విమానాల ఇంధనం వేరు, అది కిరోసిన్ జాతి. కాబట్టి ఎయిర్‌పోర్ట్ ఉన్నచోటల్లా మీ బండికి తిండి దొరుకుతుందని అనుకోకండి. బంకు పెట్రోలు పోయొచ్చు కదా అని మా బావమరిది అడిగాడు. ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు సీళ్లని తినేస్తుంది. కొత్తరకం రోటాక్స్ ఇంజిన్లు మామూలు పెట్రోలు తాగుతాయన్నది నిజమే కానీ, కంపెనీ వాటికి కూడా 10 శాతం ఇథనాల్ వరకే ఒప్పుకుంటుంది. డబ్బుకి లోటు లేదంటే డైమండ్ డీఏ40 ఎన్‌జీ లాంటివి ఉన్నాయి, అవి జెట్ ఇంధనంతోనే నడుస్తాయి. ఆ ధర మన మాట కాదు.

ఇంజినీరు విషయంలో నా తెలివి ఇంకా గొప్పది. సునాబెడాలో మిగ్ యుద్ధవిమానాల ఇంజిన్లు చేసే హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ ఉంది, మా ఊరికి దగ్గర. అక్కడ రిటైరైనవాళ్లలో ఎవరో ఒకరు ఆదివారాలు వచ్చి చూసిపోతారులే అనుకున్నాను. తెలిసిన పెద్దాయన్ని అడిగితే నవ్వాడు. "బాబూ, నేను నలభై ఏళ్లు జెట్ ఇంజిన్లు విప్పాను. నీ బండి ఎగరొచ్చని సంతకం పెట్టడానికి డీజీసీఏ లైసెన్సు ఉండాల, అందులో నీ రకం విమానం పేరు ఉండాల. అది లేకపోతే నేనైనా ఒకటే, మీ లారీ మేస్త్రీ అయినా ఒకటే" అన్నాడు. మీరూ ముందు అడగాల్సింది ఇదే. ఈ ఊళ్లో ఈ రకం విమానానికి సంతకం పెట్టగల లైసెన్సుడు ఇంజినీరు ఎవరు? ఆయన లేని రోజు ఎవరు?

నేర్పేవాడి దగ్గర ఇంకో మెలిక ఉంది. లైసెన్సు కోసం లెక్కలోకి వచ్చే శిక్షణ డీజీసీఏ ఆమోదం ఉన్న స్కూల్లోనే జరగాలి, ఏ విమానాలతో నేర్పుతారో ఆ ఆమోదంలోనే ఉంటుంది. మీ విమానాన్ని ఆ లెక్కలో చేర్చుకుంటారా, ఏ షరతుల మీద అన్నది కొనకముందే రాతపూర్వకంగా తీసుకోండి. "తెచ్చుకోండి సార్, చూద్దాం" అన్న నోటి మాట మీద ఒక్క రూపాయి పెట్టకండి. ఆ నోటి మాట విని నేను ఒకచోట మూడు నెలలు తిరిగాను. ఇంకో సంగతి, ప్రైవేట్ కేటగిరీలో రిజిస్టరైన విమానంలో డబ్బు తీసుకుని ఎవర్నీ ఎక్కించకూడదు. నేను నేర్చుకుంటూనే టూరిస్టులకి దేవ్‌మాలి కొండ చూపించి ఖర్చులు రాబట్టుకుంటా అనే లెక్క మీ నోట్‌బుక్‌లో ఉంటే ఇప్పుడే కొట్టేయండి.

చోటు కుదిరిందా? ఇప్పుడు ఏ విమానం అన్నది సులువు. నేర్చుకునేవాడికి రెండు సీట్ల సెస్నా 152, లేదా నాలుగు సీట్ల సెస్నా 172, లేదా పైపర్ చెరొకీ కుటుంబం. 172లు ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారయ్యాయి, అందుకే స్పేర్లు దొరుకుతాయి, చూసి ఎరిగిన ఇంజినీర్లు ఉంటారు. చక్రాలు లోపలికి మడిచే రకం, రెండు ఇంజిన్ల రకం ఫొటోల్లో అందంగా ఉంటాయి. ముట్టుకోకండి. మీరు స్కూల్లో పది గంటలు ఎగిరిన రకమే కొంటే అన్నిటికన్నా మేలు.

152 గురించి ఒక మాట. దాని గరిష్ఠ బరువు 757 కిలోలు. ఖాళీ బండి తీసేస్తే మిగిలేది సుమారు 245, అందులో ట్యాంకు నిండా పెట్రోలు 67 పోతుంది. మనుషులకీ సంచులకీ కలిపి 180 లోపు. నేను 92, మా ఇన్‌స్ట్రక్టర్ 78. అంటే మా ఇద్దరికీ మిగిలేది ఒక టిఫిన్ డబ్బా! లారీకి రెండు టన్నులు ఎక్కువ వేసి ఘాటీ ఎక్కించిన చరిత్ర మాకుంది. ఇక్కడ అది నడవదు. మీ ఇంట్లో అందరిదీ నా మాదిరి ఒళ్లే అయితే 172 చూసుకోండి.

మన కోరాపుట్ వైపు ఎగరాలని ఉన్నవాళ్లకి ఇంకో లెక్క. జయపురం సుమారు రెండు వేల అడుగుల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీలు ఉందనుకోండి, వేడికి గాలి పలచబడి ఇంజిన్‌కీ రెక్కకీ అది దాదాపు ఐదు వేల అడుగుల ఎత్తులా తోస్తుంది. సుంకి ఘాటీలో నిండు లారీ ఫస్ట్ గేరులో మూలుగుతుందే, అలాగన్నమాట. పరుగు పొడుగవుతుంది, ఎక్కడం నెమ్మదిస్తుంది, ఎదురుగా కొండలు. 110 గుర్రాల ఇంజిన్‌తో ఇద్దరు లావుపాటి మనుషులు ఆ వేళకి బయలుదేరే పనే పెట్టుకోకూడదు. తెల్లవారుజామునే ఎగరాలి.

ఇప్పుడు కాగితాలు. లారీకి ఆర్‌సీ, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు చూస్తాం కదా, దీనికీ అలాంటివే ఉన్నాయి. వీటీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మన ఆర్‌సీ. ఎగరడానికి తగినదని చెప్పే ఎయిర్‌వర్తీనెస్ సర్టిఫికెట్, దాని మీద ఏటేటా జరిగే రివ్యూ మన ఎఫ్‌సీ. రేడియో లైసెన్సు వేరు. వీటన్నిటికన్నా ముఖ్యం లాగ్‌బుక్కులు. బండి బాడీకి ఒకటి, ఇంజిన్‌కి ఒకటి, ప్రొపెల్లర్‌కి ఒకటి. పుట్టిన రోజు నుంచి ఎన్ని గంటలు ఎగిరింది, ఏం విప్పారు, ఏం మార్చారు, ఎవరు సంతకం పెట్టారు అన్నీ వాటిలో ఉండాలి.

నా బయానా పోయింది వీటి దగ్గరే. ఉత్తరాదిన ఒక విమానం, ఫొటోల్లో పెళ్లికూతురులా ఉంది, కొత్త పెయింటు, కొత్త సీట్లు. బ్రోకరు "ఇంకో పార్టీ రేపే వస్తున్నారు" అన్నాడు. లారీ సంతలో వందసార్లు విన్న డైలాగు. విని కూడా పడిపోయాను, విమానం కదా. డబ్బు పంపాక లాగ్‌బుక్కుల స్కాన్లు అడిగితే ఇంజిన్ పుస్తకంలో ఏడేళ్లు లేవు. "షిఫ్టింగ్‌లో పోయాయండి" అన్నారు. ఏడేళ్ల పుస్తకం లేని ఇంజిన్ అంటే దాని వయసు ఎవరికీ తెలియని ఇంజిన్, ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు. డబ్బు తిరిగి రాలేదు. అందుకే చెప్తున్నా, ముందు లాగ్‌బుక్కుల ప్రతి పేజీ స్కాన్, ఆ తర్వాత మీ ఇంజినీరు తనిఖీ, ఆ తర్వాతే బయానా. ఒప్పందంలో తనిఖీలో తేలితే బయానా వాపసు అన్న వాక్యం ఉండాలి. ఇంకో పార్టీ వస్తే రానివ్వండి.

రెండో విమానానికి ఇంజినీరుని నేనే రైల్లో తీసుకెళ్లాను. శ్రీకాకుళం వైపు మనిషి, మాట తక్కువ. అమ్మేవాళ్ల ఇంజినీరు ఉన్నా సరే, మీ మనిషి మీరు తీసుకెళ్లాల్సిందే. ఆయన ముందు పెయింటు వైపు చూడనే లేదు. ఇంజిన్ గంటలు చూశాడు. 152లో ఉండే లైకమింగ్ కంపెనీ ఇంజిన్ని 2400 గంటలకి పూర్తిగా విప్పి కట్టాలని కంపెనీ చెబుతుంది. గంటలు తక్కువైనా పన్నెండేళ్లు దాటితే గడువు దాటినట్టే. తర్వాత ఒక్కో సిలిండర్లోకి 80 పీఎస్ఐ ఒత్తిడితో గాలి పెట్టి ఎంత నిలబడుతోందో చూశాడు. 76, 74, 75, 71. డెబ్బైలలో ఉంటే సరే, అరవైకి దిగితే లోపల చూడాల్సిందే. తర్వాత ఆయిల్ ఫిల్టర్ డబ్బాని కోసి, లోపలి కాగితాన్ని మడత విప్పి ఎండలో పట్టాడు. నన్ను పిలిచి, "ఇటు వంచి చూడండి, తళుక్కుమంటాందేటి?" అన్నాడు. ఆ కాగితం మీద ఇనుప రజను మెరిస్తే ఇంజిన్ తనని తాను తినేస్తున్నట్టు. మాది నల్లగా, మెరుపు లేకుండా ఉంది. ఆ నలుపుని చూసి నేనంత సంతోషపడ్డది ఎప్పుడూ లేదు.

ఎక్కువగా ఎగిరిన ఇంజిన్ని చూసి భయపడకండి, ఎగరకుండా నిలబెట్టిన దాన్ని చూసి భయపడండి. లైకమింగ్‌లో కామ్‌షాఫ్ట్, అంటే వాల్వులని తెరిచే కడ్డీ, పైభాగంలో ఉంటుంది. బండి నిలబడితే నూనె కిందికి కారిపోయి కామ్ పొడిగా మిగులుతుంది, తేమకి తుప్పు పడుతుంది. వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే చాలనుకుంటారు చాలామంది. అది ఇంకా చెరుపు. లోపల తేమ పుడుతుంది కానీ ఆవిరైపోయేంత వేడి ఎక్కదు. ఎగరాలి, లేదా పద్ధతిగా భద్రపరచాలి. మన దగ్గర జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ వానలకి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సెస్నాలో సీటు పట్టాలు కూడా చూడమనండి. అరిగిన పట్టా మీద పిన్ను పట్టు తప్పితే టేకాఫ్‌లో ముక్కు పైకి లేవగానే సీటు వెనక్కి జారుతుంది, పట్టుకోడానికి పైలట్ చేతిలో ఉన్నదాన్నే లాగుతాడు, ముక్కు ఇంకా లేస్తుంది. ఇలాంటి ప్రమాదాలు జరిగాకే 1987లో అమెరికా విమానయాన శాఖ దీనికి తప్పనిసరి తనిఖీ పెట్టింది. ఇలాంటి తప్పనిసరి ఆదేశాలు ప్రతి రకానికీ ఉంటాయి. అన్నీ పూర్తయినట్టు లాగ్‌బుక్కులో ఉందో లేదో మీ ఇంజినీరు ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోవాలి.

డబ్బు గురించి క్లుప్తంగా చెప్తాను. కొత్త 172 ధర నాలుగు లక్షల డాలర్ల పైమాటే. సొంత వాడకం విమానాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. విదేశం నుంచి తెప్పించుకోవాలంటే డీజీసీఏ అనుమతి ముందు, విమానం తర్వాత. పాత విమానానికి వయసు నిబంధన కూడా చూసుకోవాలి. మొదటిసారి కొనేవాడికి నా సలహా, ఇప్పటికే వీటీ నంబరుతో ఇక్కడే ఎగురుతున్న బండి. కొన్న ధర ఒక్కసారే పోతుంది. హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్సు, ఏడాది తనిఖీ, నిర్వహణ సంస్థ ఫీజు మాత్రం ఎగిరినా ఎగరకపోయినా పోతూనే ఉంటాయి. అందుకే ముగ్గురం కలిశాం. కలిసేటప్పుడు ఎవరు ఎప్పుడు ఎగరాలి, ఒకరు తప్పుకుంటే వాటా ఎవరు కొనాలి, గుద్దితే ఎవరు కట్టాలి అన్నది స్టాంపు పేపరు మీద రాసుకోండి, అన్నదమ్ములైనా సరే. ఇన్సూరెన్సువాళ్లకి మీరు ఇంకా విద్యార్థి అన్న సంగతి దాచకండి. స్టూడెంట్ ఒంటరిగా ఎగిరినా వర్తిస్తుందని పాలసీలో కనబడాలి.

కొన్నాక చదువు ఎలాగూ తప్పదు. స్టూడెంట్ పైలట్ లైసెన్సుకి 16 ఏళ్లు, ప్రైవేట్ లైసెన్సుకి 17 నిండాలి. కనీసం 40 గంటలు ఎగరాలి, అందులో 10 ఒంటరిగా. 150 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి ఒక్కరే చేసి, దారిలో రెండు వేర్వేరు చోట్ల దిగాలి. రాత పరీక్షల్లో 70 శాతం తెచ్చుకోవాలి. వాతావరణం సబ్జెక్టు బద్ధకించకండి, మన కొండల్లో అదే ప్రాణం కాపాడేది. లైసెన్సు వచ్చేదాకా ఇన్‌స్ట్రక్టర్ని తప్ప పక్కన ఎవర్నీ కూర్చోబెట్టుకోకూడదు, విమానం మీదే అయినా.

ఇది మా అత్తగారికి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆవిడది పర్లాకిమిడి, తర్వాత ఒడిశా ముఖ్యమంత్రి అయిన బిజూ పట్నాయక్ డకోటా విమానం నడిపిన కథలు వింటూ పెరిగారు. "బిజూబాబు ఇండోనేషియా పోయి వాళ్ల నాయకుల్ని ఎక్కించుకొచ్చాడు, నువ్వు నన్ను పూరీ తీసుకెళ్లలేవా బాబూ?" అన్నారు. ఆయనకి లైసెన్సుందండీ అన్నాను. "మరి నువ్వు కొన్నదేటి?" అన్నారు.

వైజాగ్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లకి ఒక మాట. అక్కడి రన్‌వే నావికాదళానిది. బండి తీసుకుని దిగిపోవడం కుదరదు, ముందే అనుమతులు కావాలి. అసలు ఎక్కడికి బయలుదేరినా ఫ్లైట్ ప్లాన్ ఇచ్చి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తీసుకున్నాకే చక్రం కదలాలి. మీటర్ల మీద కాకుండా బయటికి కంటితో చూసుకుంటూ ఎగిరేవాళ్లకి సూర్యాస్తమయం తర్వాత ఇరవై నిమిషాల వరకే గడువు. అందుకని సాయంత్రం నాలుగు దాటాక దూరం బయలుదేరొద్దు.

విమానం చేతికొచ్చిన రోజు నుంచి, ఇన్‌స్ట్రక్టర్ వచ్చేలోగా ఈ పని మీరే చేయండి. ముక్కు దగ్గర, రెండు రెక్కల కింద చిన్న కవాటాలుంటాయి. గాజు గొట్టం నొక్కి ఒక్కోచోట కొంచెం పెట్రోలు పట్టి ఆకాశం వైపు ఎత్తి చూడండి. రంగు నీలంగా ఉండాలి. నీరు చేరితే అడుగున పూసలా విడిగా నిలబడుతుంది. అలా కనబడితే పారబోసి, పూస పోయేదాకా మళ్లీ మళ్లీ పట్టండి. తర్వాత ఎడమ రెక్క కింద వేలంత గొట్టం ఉంటుంది, వేగం కొలిచేది దాంతోనే. ఎర్ర రిబ్బన్ తొడుగు తీసి లోపలికి చూడండి. కిందటి భాద్రపదంలో తొడుగు పెట్టడం రెండు రోజులు మరిచిపోయాం, కందిరీగ దాన్నిండా మట్టి మెత్తేసింది. ఆ రోజు ఎగరలేదు. ఇంజినీరు వచ్చి శుభ్రం చేసి సంతకం పెట్టేసరికి మధ్యాహ్నం మూడైంది, అప్పటికి తూర్పున మబ్బు పట్టేసింది.